పేరు తేలేదాకా ఆగకండి: పెరటి విషపు మొక్కల మీద అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఇది విషమా కాదా? కాస్త తొందరగా చెప్పండి." కింద ఒక ఆకు ఫొటో. తుంచి, గచ్చు మీద పెట్టి, సెల్ లైటు వేసి తీసింది. తొలకరి పడిందంటే నా వాట్సాప్ నిండా ఇవే. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను కాబట్టి మా ఊరి మిద్దెతోటల వాళ్లందరి దగ్గరా నా నంబరుంది. అడిగినందుకు నాకేం విసుగు లేదు. విసుగల్లా నాలుగైదు మెసేజీలయ్యాక తీరిగ్గా వచ్చే ఆఖరి మాటతో: "బాబు రెండు గింజలు నమిలాడు, అందుకని."

అపోహ: మొక్క పేరు తెలిస్తేగానీ డాక్టరు ఏమీ చేయలేరు.

ప్రాణం మీదికి తెచ్చేది ఇదే, అందుకే ముందు దీని సంగతి. క్యాజువాల్టీలో డాక్టరు ముందు చూసేది నాడి, కంటిపాప, ఊపిరి, ఈసీజీ. వైద్యం చాలావరకు ఆ లక్షణాలను బట్టే మొదలవుతుంది. పేరు తెలిస్తే మేలే, తెలియకపోతే వైద్యం ఆగిపోదు. మొక్కల పేర్లు చెప్పడమే పనిగా బతుకుతున్నదాన్ని, నేనే చెప్తున్నా: నా జవాబు కోసం కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతారు. వెళ్లేటప్పుడు ఆకు, పువ్వు, కాయ ఉన్న కొమ్మ ఒకటి కవర్లో వేసుకెళ్లండి. తినగా మిగిలిన ముక్క ఉంటే అదీ.

ఆ పేరు తేలేలోపు ఇంట్లో జరిగే వైద్యం ఇంకో ప్రమాదం. ఒక వేసవి సెలవుల్లో మా వీధి పిల్లలు ఖాళీ స్థలం కంచెలోని అడవి ఆముదం కాయలు కొట్టుకు తిన్నారు. జట్రోఫా అంటారే, ఒకప్పుడు బయోడీజిల్ మోజులో ఊరూరా నాటించారు, అదే. నేను వెళ్లేసరికి ఒకడు కడుపు పట్టుకుని అరుగు మీద ముడుచుకుపోయాడు. వాళ్ల నాయనమ్మ ఉప్పునీళ్ల గ్లాసు వాడి నోటి దగ్గర పెట్టి "తాగు నాయనా, కక్కేస్తే పోతుంది" అంటోంది. గ్లాసు పక్కన పెట్టించి ఆటో ఎక్కించాం. సెలైన్లు పెట్టారు, మర్నాటికి లేచి తిరిగారు. ఆవిడని నేనేం అనలేదు, ఆ కంగారులో ఎవరైనా అదే చేస్తారు. కానీ ఉప్పునీళ్లతో పిల్లల రక్తంలో ఉప్పు ప్రమాదకరంగా పెరిగిపోవచ్చు, మగతలో ఉన్నవాళ్లు కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చింతపండు రసం, పచ్చిగుడ్డు, పేడనీళ్లు, ఏవీ వద్దు. నోట్లో మిగిలింది తీసేసి, పుక్కిలింపించి బయల్దేరండి.

"ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు కదండీ" అంటారు. ఉమ్మెత్తయితే గంటలోపే బయటపడొచ్చు: నోరు ఎండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, ఎవరూ లేనిచోట ఎవరితోనో మాట్లాడతారు. (దీన్ని గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించేవాళ్లు ఇంకా ఉన్నారు.) అదే అడవినాభి దుంపయితే కొన్ని గంటలు ఏమీ తెలియదు, ఆ తర్వాత కలరాలా వాంతులు, విరేచనాలు. నమిలిన గురివింద గింజ ఒకటి రెండు రోజులు కూడా ఆగి దెబ్బతీయగలదు. పచ్చగన్నేరు పప్పు తిన్నవాళ్లు ఒకటి రెండు వాంతులతో తేరుకున్నట్టే ఉంటారు, తర్వాత గుండె లయ తప్పుతుంది. అందుకే బాగానే ఉన్నా ఆసుపత్రిలో ఉంచి చూస్తామంటారు. బిల్లు కోసమని గొడవపడి తీసుకొచ్చేయకండి.

ఇక మిగతా అపోహలు గబగబా. ముందు అపోహ, వెంటనే నా జవాబు.

విషమైతే చేదుగా ఉంటుంది. అడవి ఆముదం కాయలు తిన్న ఆ పిల్లలనడిగితే "పల్లీల్లా ఉన్నాయి" అన్నారు. అందుకే ఒక్కటితో ఆపలేదు.

పక్షులు తింటున్నాయిగా. కోయిల పచ్చగన్నేరు పండ్లు తింటుంది. మీరు కోయిల కాదు.

పాలు కారితే విషం. సపోటాకీ పనసకీ పాలున్నాయి, ఉమ్మెత్తకి లేవు. జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడనీయకండి. నొప్పి లేకుండానే చూపు మసకబారొచ్చు, నొప్పి లేదని ఊరుకోవద్దు.

ఉడికిస్తే పోతుంది. గన్నేరు, ఉమ్మెత్త, అడవినాభి విషాలు వంటతో పోవు.

పూజకు వాడేది విషమెలా అవుతుంది? వినాయక చవితి పత్రిలోనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. పూజ వేరు, ప్రసాదం వేరు. కేరళలో ట్రావన్కోర్, మలబార్ దేవస్వం బోర్డులు 2024 మేలో నైవేద్యాల్లో గన్నేరు పువ్వు వాడకం ఆపించాయి.

యాప్ చెప్పింది కదా. యాప్ ఒక ఊహ చెప్తుంది, దాన్ని నమ్మి నోట్లో పెట్టుకోవద్దు. ఆకు ఒక్కటే చూపిస్తే నేనైనా చాలాసార్లు చెప్పలేను. తిప్పతీగనే తీసుకోండి. కరోనా రోజుల్లో దాని కషాయం తాగినవాళ్లకు కాలేయం దెబ్బతిందని 2021లో ముంబయి వైద్యులు రాశారు. దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పా అనే తీగను పొరబడి వాడి ఉండొచ్చని ఆయుష్ శాఖ అంది. ఆ రెండో తీగ ఆకూ హృదయాకారమే, కాండం మీద బుడిపెలు చూస్తేగానీ తేడా తెలియదు.

కాబట్టి ఎవరూ ఏమీ తినలేదు, ఊరికే తెలుసుకోవాలి అనుకుంటే తీరిగ్గా పంపండి. మొక్క మొత్తం ఒక ఫొటో. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయో, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయో తెలిసేలా కొమ్మ ఒకటి. ఆకు అడుగువైపు. పువ్వూ కాయా లేకపోతే వచ్చేదాకా ఆగుదాం. వంగమడిలో దానంతటదే మొలిచిన లేత ఉమ్మెత్తని చాలామంది వంగ మొలకనుకుంటారు.  ఉమ్మెత్త ఆకు నలిపితే వెగటు వాసన. ఆకుకూర మడిలో మొలిస్తే మరీ జాగ్రత్త, కోసేటప్పుడు కలిసిపోతుంది. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాలో దుకాణాల్లో అమ్మిన పాలకూరలో ఉమ్మెత్త జాతి మొక్క కలిసి చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. ఉమ్మెత్తని పీకిన చేత్తో కన్ను నులుముకోవద్దు. ఒక్క కంటిపాపే పెద్దదై, పక్షవాతమేమోనని హడలిపోయి వచ్చినవాళ్లున్నారు.

"అయితే మా గోడ పక్కన పచ్చగన్నేరు కొట్టేయమంటారా?" ఇంట్లో పాకే పిల్లలుంటే కొట్టేయండి. లేకపోతే రాలిన కాయలు ఎప్పటికప్పుడు ఏరి పారేస్తే చాలు. కొట్టేస్తే మాత్రం ఆ కొమ్మలు పొయ్యిలోకి గానీ భోగి మంటలోకి గానీ పోనివ్వకండి, పొగా మంచిది కాదు. మేకలకూ వేయకండి, ఎండిన ఆకులోనూ విషం ఉంటుంది.