బోల్ట్ కన్నా ఎంబాపే ఫాస్టా? ఈ వాదన ఎక్కడి నుంచి వచ్చింది

ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మొదలైతే చాలు, అమలాపురంలోనైనా భీమవరంలోనైనా కుర్రాళ్ల మధ్య ఒక వాదన లేస్తుంది. దేశ జట్ల ఆటగాళ్లలో అందరికన్నా వేగంగా పరిగెత్తేది ఎవరు? ఒకరు ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే అంటారు, ఒకరు మొరాకో ఆటగాడు హకీమీ అంటారు, కాస్త పెద్దవాళ్లు నెదర్లాండ్స్ మాజీ ఆటగాడు రాబెన్ పేరు తెస్తారు. చివరికి ఎవరో ఒకరు ఫోన్ తీసి గంటకు 38 కిలోమీటర్లు అన్న అంకె చూపించి, వంద మీటర్ల పరుగు వీరుడు బోల్ట్ సగటే 37.58, కాబట్టి ఎంబాపేనే ఫాస్ట్ అని తేల్చేస్తారు.

క్రికెట్ తప్ప మరో ఆట పట్టనట్టు కనిపించే డెల్టాలో ఈ గొడవేమిటని బయటివాళ్లకు అనిపించవచ్చు. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి తీర గ్రామాల నుంచి కువైట్, ఖతార్, దుబాయ్, మస్కట్‌లకు పనికి వెళ్లినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2022లో కప్ ఖతార్‌కు వచ్చేసరికి దోహా అన్న పేరు ఇక్కడ చాలా ఇళ్లలో రోజూ వినే పేరే. ఇంకో సంగతి కూడా ఉంది. దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేశాక, జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేదాకా చేలు ఖాళీగా ఎండి ఉంటాయి. పల్లెల్లో పిల్లలకు దొరికే పెద్ద గ్రౌండ్లు అవే. ఖతార్ కప్ నవంబరు, డిసెంబరుల్లో జరిగింది గానీ, మామూలుగా వరల్డ్ కప్ వచ్చేది ఆ జూన్‌లోనే.

వాదన మంచిదే. అందులో వాడే అంకెలతోనే చిక్కు. ఒక్కో అంకె ఒక్కో కాలంలో, ఒక్కో రకం కొలతతో వచ్చింది. అవన్నీ ఒకే పట్టికలో పెట్టి పోల్చడం వల్లే గొడవ తెగడం లేదు. ఆ కొలతలు ఎలా మారుతూ వచ్చాయో చూస్తే విషయం చాలావరకు తేటపడుతుంది.

మొదట్లో అంకెలే లేవు, పేర్లే ఉండేవి. 1950లలో రియల్ మాడ్రిడ్‌కూ స్పెయిన్‌కూ ఆడిన ఫ్రాన్సిస్కో జెంటోను కాంటాబ్రియా సముద్రపు తుఫాను అనేవారు. ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున, అతని పరుగును కళ్లారా చూసినవాళ్లు ఇచ్చిన బిరుదు అది. ఆరు యూరోపియన్ కప్పులు గెలిచిన ఆటగాడు. 1970 మెక్సికో కప్‌లో బ్రెజిల్ తరఫున ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ కొట్టిన జైర్జిన్హోకు కూడా తుఫాను అన్న పేరే వచ్చింది. ఆ రోజుల్లో వేగానికి సాక్ష్యం డిఫెండర్ ఎంత వెనకబడ్డాడన్నదే. ఆ డిఫెండర్ ఎంత నెమ్మదిగా ఉన్నాడో ఎవరూ అడగలేదు.

తర్వాత స్టాప్‌వాచ్ మాటలు వచ్చాయి. ఫలానా వింగర్ వంద మీటర్లు 11 సెకన్లలో పరిగెత్తుతాడట, ఫలానా వాడు అంతకన్నా తక్కువట అని పత్రికల్లో రాసేవారు. వాటిలో చాలావరకు చేతివాచీ లెక్కలు. తుపాకీ చప్పుడు విని బొటనవేలు నొక్కేలోపు కొంత సమయం పోతుంది. అందుకే అథ్లెటిక్స్‌లో వంద మీటర్ల చేతి టైమును ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలంటే 0.24 సెకన్లు కలుపుతారు. పైగా ఆ పరుగు గడ్డి మీదా ట్రాక్ మీదా, స్పైకులతోనా బూట్లతోనా అన్నది చాలాసార్లు ఎవరూ రాయలేదు.

ఈ వాదన తేల్చడానికి ఒక్కసారి నిజంగానే పందెం పెట్టారు. 1992లో ఇంగ్లండ్ లీగ్ కప్ ఫైనల్ రోజున వెంబ్లీ స్టేడియంలో క్లబ్ ఆటగాళ్ల మధ్య వంద మీటర్ల పోటీ జరిగింది. గెలిచింది పెద్ద క్లబ్బు స్టార్ ఎవరూ కాదు, అంతకుముందు పోస్ట్‌మన్‌గా పనిచేసిన స్వాన్‌సీ సిటీ ఆటగాడు జాన్ విలియమ్స్. టైము 11.49 సెకన్లు. మంచి టైమే, కానీ అథ్లెటిక్స్‌లో జాతీయ స్థాయికి చాలా దూరం. పత్రికల్లో వచ్చిన ఆ 11 సెకన్లను, అంతకన్నా తక్కువ టైములను నేను నమ్మకపోవడానికి ఈ ఒక్క పోటీ చాలు.

వేగాన్ని ఆట జరుగుతుండగానే కొలవడం కెమెరాలతో మొదలైంది. 1990ల చివరి నుంచి యూరప్ క్లబ్బులు స్టేడియం చుట్టూ కెమెరాలు పెట్టి, ఆటగాడు ఎంత దూరం పరిగెత్తాడో లెక్కగట్టడం నేర్చుకున్నాయి. తర్వాత జెర్సీ కింద తొడిగే చిన్న జాకెట్‌లో, రెండు భుజాల మధ్య జీపీఎస్ పరికరం వచ్చింది. మ్యాచ్‌లో కూడా అలాంటివి వేసుకోవడానికి 2015లో నిబంధనలు ఒప్పుకున్నాయి.

ప్రపంచ కప్ ప్రేక్షకుల నోట వేగం అంకెగా స్థిరపడింది మాత్రం 2014 జూన్ 13న. బ్రెజిల్‌లోని సాల్వడార్‌లో నెదర్లాండ్స్ 5-1తో స్పెయిన్‌ను ఓడించిన మ్యాచ్ అది. ముప్పై ఏళ్ల ఆర్యెన్ రాబెన్ సగం మైదానం నుంచి సెర్గియో రామోస్‌ను వెనక వదిలేసి, గోల్‌కీపర్ కసియాస్‌ను తప్పించి గోల్ కొట్టాడు. గంటకు 37 కిలోమీటర్లు అని ప్రపంచమంతా రాశారు. నాలుగేళ్ల తర్వాత, 2018 జూన్ 30న, రష్యాలోని కజాన్‌లో ఎంబాపే పరుగు. మన టైములో రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ కాబట్టి ఇక్కడ కూడా చాలామంది లైవ్‌గా చూశారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు తన సగంలో బంతి అందుకుని అర్జెంటీనా ఆటగాళ్ల మధ్య నుంచి దూసుకుపోతే, వాళ్ల డిఫెండర్ రోహో అతన్ని పెనాల్టీ బాక్సులో పడగొట్టాల్సి వచ్చింది. ఫ్రాన్స్ 4-3తో గెలిచింది. ఆ పరుగుకు మీడియాలో 37 అని కొందరు, 38 అని కొందరు వేశారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలిచారో, ఏ పరికరంతో కొలిచారో పక్కన ఉండదు. మన వాదనల్లో తిరిగే 38 ఇదే.

ఈ 38ని బోల్ట్ 37.58 పక్కన పెట్టడం పెద్ద తప్పు. 2009 బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. వందను 9.58తో భాగిస్తే సెకనుకు 10.44 మీటర్లు, అంటే గంటకు 37.58 కిలోమీటర్లు. ఇది మొత్తం పరుగు సగటు. పరుగు మొదలుపెట్టే బ్లాకుల మీద కదలకుండా కూర్చున్న క్షణం, లేచి ఊపందుకునే మొదటి అడుగులు, అన్నీ ఇందులో ఉన్నాయి. అదే పరుగులో 60 నుంచి 80 మీటర్ల మధ్య అతని వేగం గంటకు 44.7 కిలోమీటర్లు. ఫుట్‌బాల్ అంకెలన్నీ ఆటగాడు అప్పటికే పరుగులో ఉండగా తాకిన గరిష్ఠ వేగాలు. కాబట్టి గరిష్ఠానికి గరిష్ఠమే పోల్చాలి, 38 పక్కన 44.7 పెట్టాలి. అప్పుడు వాదనే ఉండదు.

కొలిచిన తీరును బట్టి అంకె ఎంత మారుతుందో తెలియడానికి మనం యూరప్ దాకా వెళ్లనక్కరలేదు. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొట్టిన బ్యాడ్మింటన్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లతో గిన్నిస్ రికార్డు అయింది. కోనసీమ అంతా సంబరపడింది, పడాల్సిన విషయమే. కానీ అది మ్యాచ్‌లో కొట్టింది కాదు, రికార్డు కోసమే ఏర్పాటు చేసిన చోట కొలిచింది. 2017లో మన దేశంలో జరిగిన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో డెన్మార్క్ ఆటగాడు మాడ్స్ పీలర్ కోల్డింగ్ మ్యాచ్ ఆడుతూ కొట్టిన స్మాష్‌కు 426 వచ్చింది. రెండు అంకెలూ నిజమే. 139 కిలోమీటర్ల తేడాలో చేతుల బలం ఎంతో, పరిస్థితుల తేడా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. మ్యాచ్‌లో ఎదురుగా ఇద్దరు ఉంటారు, షటిల్ మనం కోరిన ఎత్తులో రాదు. సాత్విక్ రికార్డును ఇలా అర్థం చేసుకోగలిగినవాళ్లకు ఫుట్‌బాల్ అంకెలు కష్టమేమీ కాదు.

నా దృష్టిలో దేశ జట్ల ఆటగాళ్లను పోల్చడానికి కాస్త న్యాయమైన పట్టిక 2022 ఖతార్ కప్‌ది. అందరినీ ఒకే పద్ధతిలో, ఒకే టోర్నీలో కొలిచారు. ఆఫ్‌సైడ్ కోసం పెట్టిన కెమెరాలే స్టేడియానికి పన్నెండు. ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు గుర్తించేవి. గంటకు 25 కిలోమీటర్లు దాటిన పరుగునే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా లెక్కల్లో స్ప్రింట్ అన్నారు. ఆ కప్‌లో అందరికన్నా పైన నిలిచింది ఘనా ఆటగాడు కమాల్దీన్ సులేమానా, 35.7. తర్వాత స్పెయిన్ ఆటగాడు నికో విలియమ్స్, 35.6. ఎంబాపే 35.3.

సులేమానా పేరు మన వాదనల్లో ఎందుకు రాదు? ఘనా గ్రూప్ దశలోనే ఇంటికి వెళ్లిపోయింది. ఎంబాపే ఫైనల్‌లో మూడు గోల్స్ కొట్టాడు. మనకు గుర్తుండేది గోల్‌తో ముగిసిన పరుగు. వింగ్‌లో వెళ్లి బంతి పోగొట్టుకున్న పరుగు ఎంత వేగమైనా ఎవరికీ గుర్తుండదు.

ఇంకో లెక్క వేసి చూడండి. 35.7కీ 35.3కీ తేడా 0.4 కిలోమీటర్లు. సెకనుకు పదకొండు సెంటీమీటర్లు. మ్యాచ్‌లో ఆ గరిష్ఠ వేగం రెండు సెకన్లు నిలిచిందనుకున్నా, తేడా 22 సెంటీమీటర్లు. ఒక బూటు పొడవు కూడా లేదు. దాని కోసం స్నేహితులు మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలు విన్నాను.

క్లబ్బులు సీజనంతా ఆడే లీగుల అంకెలు వేరు. కెనడా ఆటగాడు అల్ఫాన్సో డేవిస్ 2020 జూన్‌లో బయర్న్ మ్యూనిక్ తరఫున 36.51 అందుకున్నాడు. నెదర్లాండ్స్ డిఫెండర్ మికీ వాన్ డె వెన్ 2024 జనవరిలో టాటెన్‌హామ్ తరఫున 37.38 అందుకుని ప్రీమియర్ లీగ్ రికార్డు పెట్టాడు. జర్మనీలో కొలిచే సంస్థ వేరు, ఇంగ్లండ్‌లో వేరు, ఫిఫా పద్ధతి వేరు. ఒకరు ఒక్క క్షణపు గరిష్ఠాన్ని తీసుకోవచ్చు, ఇంకొకరు కొంతసేపటి సగటును తీసుకోవచ్చు. ఆ చిన్న తేడాతోనే అర కిలోమీటరు అటూఇటూ అవుతుంది. సీజన్‌లో ముప్పైకి పైగా మ్యాచ్‌లు ఆడేవాడికి ఒక మంచి పరుగు దొరికే అవకాశం, కప్‌లో మూడు మ్యాచ్‌లు ఆడేవాడి కన్నా ఎక్కువ కూడా.

ఈ వాదనలో నన్ను నిజంగా బాధపెట్టేది మరొకటి ఉంది. నల్లజాతి ఆటగాడు గోల్ కొడితే అది వేగం, బలం అంటారు. తెల్ల ఆటగాడు కొడితే తెలివి, ఆట చదవడం అంటారు. ఇది ఊరికే అన్న మాట కాదు. 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ 80 మ్యాచ్‌ల ఇంగ్లిష్ కామెంటరీ పరిశీలించింది. ముదురు రంగు ఆటగాళ్ల వేగం గురించి కామెంటేటర్లు మాట్లాడే అవకాశం మూడు రెట్లకు పైగా ఎక్కువని, తెలివి గురించిన పొగడ్తలు ఎక్కువగా లేత రంగు ఆటగాళ్లకే దక్కుతున్నాయని తేలింది. మనం ఆ కామెంటరీ వింటూనే ఆట నేర్చుకున్నాం. ఎంబాపే కజాన్‌లో చేసిన పరుగులో బంతిని ఎప్పుడు ముందుకు తోశాడో, ఏ డిఫెండర్‌కు ఏ పక్క నుంచి వెళ్లాడో చూడండి. అది కాళ్ల పనే అని ఎలా అంటాం? రాబెన్, వాన్ డె వెన్ తెల్లవాళ్లే, వేగం అంకెల్లో వాళ్లు పై వరుసలోనే ఉన్నారు.

వేగం ఒక్కటే సరిపోతే బోల్ట్ ఫుట్‌బాలర్ అయ్యేవాడు. అతను నిజంగానే ప్రయత్నించాడు. 2018లో ఆస్ట్రేలియాలోని సెంట్రల్ కోస్ట్ మెరీనర్స్ దగ్గర ట్రయల్‌కు వెళ్లి, ఒక ఫ్రెండ్లీ మ్యాచ్‌లో రెండు గోల్స్ కూడా కొట్టాడు. కాంట్రాక్టు కుదరలేదు. మైదానంలో పరుగులు చాలావరకు రెండు నుంచి నాలుగు సెకన్లలో ముగుస్తాయి. బోల్ట్ వేగం శిఖరానికి చేరే 60 మీటర్లు తిన్నగా పరిగెత్తే సందర్భం ఫుట్‌బాల్‌లో చాలా అరుదు. ఇక్కడ పనికొచ్చేది మొదటి పది మీటర్లు, మధ్యలో ఆగడం, మలుపు తిరిగి మళ్లీ ఊపందుకోవడం.

హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. బంతి మనిషి కన్నా వేగంగా కదలాలని, డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టి ఆటగాళ్లకు వెంటవెంటనే పాస్ చేయడం అలవాటు చేశారు. ఆయన కోచ్‌గా ఉండగా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

మన హైస్కూళ్లలో ఇప్పటికీ స్పోర్ట్స్ డేకి వంద మీటర్లు గెలిచినవాణ్ణి తీసుకొచ్చి వింగ్‌లో నిలబెట్టడం చూస్తుంటాం. ఆ ఎంపిక మారితే బాగుంటుంది. గ్రౌండ్‌లో పది మీటర్లకు ఒక గీత, ముప్పై మీటర్లకు ఒక గీత గీయండి. రెండు చోట్లా ఫోన్ వీడియోతో టైము తీయండి. తర్వాత బంతితో ఒకసారి, మలుపుతో ఒకసారి పరిగెత్తించండి. అందరినీ ఒకే రోజు, ఒకే నేల మీద కొలవాలి. వర్షం పడిన నల్లరేగడిలో ఒకణ్ణి, లంక ఇసుకలో ఇంకొకణ్ణి కొలిస్తే ఆ టైములు పోల్చడానికి పనికిరావు. వందలో నాలుగోవాడిగా వచ్చిన కుర్రాడు పది మీటర్లలో మొదటివాడు కావచ్చు. వింగ్‌కు కావలసినవాడు అతనే.