టీకాకూ కాన్పుకూ మధ్య లెక్కకు రాని ఏళ్లు

2010లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఒక ప్రపంచ ఆరోగ్య వ్యూహాన్ని ప్రకటించారు. దాని పేరులో స్త్రీలున్నారు, పిల్లలున్నారు. 2015లో దాన్ని తిరగరాసినప్పుడు మూడో మాట చేరింది: కౌమారులు. ఆ ఒక్క మాట అక్కడికి చేరడానికి దశాబ్దాలు పట్టింది.

ఆరోగ్య వ్యవస్థలు చాలాకాలం ఆడపిల్లను రెండుసార్లే పలకరించాయి: పసితనంలో టీకాలకు, మళ్లీ ఆమె గర్భం దాల్చినప్పుడు. ఈ మధ్యలోనే నెలసరి మొదలవుతుంది, ఒళ్లు ఎదుగుతుంది, రక్తహీనత పట్టుకుంటుంది, మనసుకు దిగులు అలవాటవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారాన్ని 10 నుంచి 19 ఏళ్లుగా గుర్తిస్తుంది. అయినా స్త్రీల ఆరోగ్యంపై జరిగే పెద్ద సర్వేలు సాధారణంగా 15 నుంచి 49 ఏళ్లవారినే ప్రశ్నలు అడుగుతాయి. పన్నెండేళ్ల పిల్ల ఆ పట్టికల్లో ఎక్కడా కనిపించదు.

చట్టాలదీ తటపటాయింపే. 1962 నాటి వివాహ సమ్మతి ఒడంబడిక పెళ్లికి కనీస వయసు పెట్టాలంది గానీ, అదెంతో చెప్పే సాహసం చేయలేదు. 1965లో వచ్చిన సిఫారసు 15కు తగ్గరాదంది. బాలలంటే 18 ఏళ్ల లోపువారని 1989లో బాలల హక్కుల ఒడంబడిక తేల్చింది. అందులోనూ ఒక మినహాయింపు ఉంది: దేశ చట్టం అంతకుముందే మేజరుగా గుర్తిస్తే ఆ లెక్క వర్తించదు.

అసలు మలుపు 1994లో, కైరోలో జరిగిన ఐక్యరాజ్యసమితి జనాభా సదస్సులో. జనాభాను అదుపు చేయడం గురించే మాట్లాడుతూ వచ్చిన దేశాలు, 179 కలిసి, మనిషి హక్కుల గురించి మాట్లాడాయి. కౌమారుల పునరుత్పత్తి ఆరోగ్యానికి విడిగా చోటిచ్చాయి. పిల్లల గోప్యత, తల్లిదండ్రుల హక్కు రెండూ ఆ సదస్సు ఆమోదించిన పత్రంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ పేచీ నేటికీ తెగలేదు. మరుసటి ఏడాది బీజింగ్ మహిళా సదస్సు పన్నెండు కీలకాంశాలను ఎంచింది. ఆడపిల్ల వాటిలో ఉంది, చిట్టచివర.

సహారా దిగువ ఆఫ్రికాలో హెచ్‌ఐవీ మరో పాఠం నేర్పింది. ఆ వ్యాధి యువకులకంటే యువతులకే ఎక్కువగా సోకుతుంటే, మందులు ఒక్కటే సరిపోవని తెలిసివచ్చింది. 2014లో అమెరికా ప్రకటించిన ‘డ్రీమ్స్’ కార్యక్రమం అందుకే బడి చదువునూ హింస నివారణనూ ఆరోగ్య పనిలో కలిపింది.

ఇక హెచ్‌పీవీ టీకా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే ఈ టీకాకు 2006లో తొలిసారి అనుమతి లభించింది. దీన్ని ముఖ్యంగా 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేయాలి. అంటే సర్వేలు అడగని వయసుకే సూది అవసరమైంది. దానికోసం నర్సు ఎదుట కూర్చున్న పిల్లకు అదే పూట రక్తపరీక్ష చేయవచ్చు, నెలసరి గురించి ఆమె అడగలేని ప్రశ్నకు జవాబూ చెప్పవచ్చు. 2022లో రెండు డోసుల బదులు ఒక్క డోసైనా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. ఖర్చు తగ్గింది, నిజమే. ఆమెను కలిసే రెండో అవకాశమూ పోయింది.