యాక్సిడెంట్ తర్వాత క్యాజువాలిటీలో చెప్పే మొదటి మాట: అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో మళ్లీ అదే ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. పేర్లు వేరు, ఊరు వేరు. ఆసుపత్రి కేస్ షీట్‌లో రాత మాత్రం అదే: పడిపోయాడు. సూర్యాపేట కోర్టులో ఇరవై ఏళ్లుగా లాయరుగా మోటారు ప్రమాదాల కేసులే చూస్తున్నాను. హైదరాబాద్ - విజయవాడ హైవే మా ఊరి మీదుగానే పోతుంది, అందుకే ఇక్కడ ఇవే ఎక్కువ. ప్రమాదం చేసిన నష్టం ఒకటైతే, ఆ తర్వాత గంటలో భయపడి చెప్పిన ఒక్క అబద్ధం చేసే నష్టం ఇంకొకటి. రెండోదాన్ని ఆపొచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "యాక్సిడెంట్ అని చెబితే పోలీస్ కేసు అవుతుంది, డాక్టర్లు ముట్టుకోరు. పడిపోయాడని చెబితే వైద్యం వెంటనే మొదలుపెడతారు, ఎవరికీ గొడవ ఉండదు."

కొన్నేళ్ల కిందట ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త, తమ్ముడు పెళ్లికి వెళ్లి రాత్రి కారులో తిరిగి వస్తున్నారు. తమ్ముడు నడుపుతున్నాడు. మునగాల దాటాక రోడ్డు మీదే ఆపి పెట్టిన లారీని వెనక నుంచి గుద్దారు. లారీకి ఇండికేటర్ వెలగడం లేదు, వెనక ఎర్ర రేడియం స్టిక్కరు కూడా లేదు. తమ్ముడు గీతలతో బయటపడ్డాడు. ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చున్న భర్తకు తలకు దెబ్బ తగిలింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ఎలా జరిగిందని అడిగితే ఇంటివాళ్లు "మెట్ల మీద నుంచి పడ్డాడు" అన్నారు. పంతొమ్మిదో రోజున ఆయన పోయాడు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది ఆ తర్వాతే.

ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో ఆమెను క్రాస్ చేసిన (ఎదుటి పక్షం ప్రశ్నించిన) రోజు నాకు బాగా గుర్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ఒకే ఒక్క కాగితం చూపించాడు. నీలి ఇంకుతో ఇంగ్లిషులో రెండు మాటలు, సెల్ఫ్ ఫాల్, అంటే తనంతట తానే పడ్డాడని. పక్కన టైము, రాత్రి 11.40. కింద ఆమె సంతకం. "ఈ సంతకం మీదేనా?" అంటే "నాదే" అంది. అంతకన్నా అతను అడగాల్సింది ఏమీ లేకపోయింది.

బయటికొచ్చాక వరండాలో అంది: "మా తమ్మునికి కేసు పడతదని అట్ల చెప్పినం సారూ. వాడు అప్పటికే ఒకటే ఏడుస్తుండె." ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ సమయంలో ట్రిబ్యునల్ ఎవరికి గుర్తొస్తుంది? కోపం వచ్చిందల్లా ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి మీద. అలాంటివాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు.

నిజంగా జరిగేది చెబుతాను. డ్రైవరు మీద పెట్టే క్రిమినల్ కేసు వేరు, నష్టపరిహారం వేరు. తమ్ముడు తాగి లేడు, లైసెన్సు ఉంది. అజాగ్రత్తగా నడిపాడని కేసు పెట్టినా అది బెయిల్ దొరికే సెక్షనే. ఇక డబ్బు సంగతి. ఆ కారుకు ప్యాకేజీ పాలసీ (ఫుల్ ఇన్సూరెన్స్ అంటారే, అది) ఉంది కాబట్టి లోపల కూర్చున్నవాళ్లకూ బీమా వర్తిస్తుంది. (థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్న సొంత కారైతే వర్తించదు. ఈ రోజే మీ పాలసీ తీసి చూసుకోండి.) లారీకి కూడా బీమా ఉంది. పక్క సీట్లో కూర్చున్న మనిషి తప్పు ఏమీ లేదు కాబట్టి, ఆయన కుటుంబం రెండు వాహనాల్లో ఎవరి నుంచైనా మొత్తం పరిహారం అడగొచ్చు. కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ. తమ్ముడి జేబులోంచి రూపాయి పోయేది కాదు. ఎవరిని కాపాడాలని అబద్ధం చెప్పారో అతనికి అసలు అంత ముప్పే లేదు. చివరికి అడిగినదానిలో నాలుగో వంతుకు లోక్ అదాలత్‌లో రాజీ పడాల్సి వచ్చింది.

ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆలస్యానికి కారణం చెప్పుకోవచ్చు. మన నోటితో మనమే రాయించిన కాగితాన్ని కాదనడమే కష్టం.

వైద్యం విషయానికి వస్తే, పోలీసుల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చేసింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా డాక్టర్ల మీద అదే బాధ్యత పెట్టింది. పైగా 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు, కేంద్ర ప్రభుత్వ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. మెట్ల మీద నుంచి పడ్డవాడికి ఇది రాదు కదా.

కాబట్టి డాక్టర్ అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ వాహనం, ఏ చోటు, ఎన్ని గంటలకు. రాసింది ఒకసారి చదివి వినిపించమనండి, అందులో తప్పేమీ లేదు. ఎం.ఎల్.సి. నంబరు (పోలీసులకు చెప్పాల్సిన కేసుగా ఆసుపత్రి నమోదు చేసే నంబరు) రాసుకోండి. ఆసుపత్రి నుంచి స్టేషన్‌కు కబురు వెళ్లింది కదా అని ఊరుకోకుండా ఇంట్లో ఒకరు వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి.

అపోహ: "అక్కడికక్కడే మాట్లాడుకుంటే సరిపోతుంది."

బంపరు నొక్కుకుపోతే మాట్లాడుకోండి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోండి. మనిషికి దెబ్బ తగిలితే మాత్రం వద్దు. పది వేలు చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద అభ్యంతరం లేదని రాయించుకుంటారు. మోకాలి లిగమెంటు తెగిందని వారం తర్వాత ఎమ్మారైలో తెలుస్తుంది. అప్పటికి ఆ నంబరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

అపోహ: "నడిపినవాడికి లైసెన్సు లేదు, ఉన్నవాడి పేరు పెట్టేద్దాం."

దయచేసి ఈ పని చేయకండి. టోల్ గేటు కెమెరా ఉంది, పెట్రోల్ బంకు కెమెరా ఉంది, డ్రైవరు గాయాలే ఎవరు నడిపారో చెప్పేస్తాయి. అది బయటపడిన రోజు క్లెయిమ్ పోవడమే కాదు, పేరు ఇచ్చినవాడు కూడా ఇరుక్కుంటాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లు కేసులో చిక్కుకుంటారన్నది పాత భయం. 2016లో సుప్రీంకోర్టు, 2019 సవరణలో 134ఏ సెక్షన్ మీకు రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. గుద్దిన బండి దొరక్కపోతే ఏమీ రాదనుకోకండి. 2022 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఉన్నాయి. కారు కదిపితే క్లెయిమ్ రాదన్నదీ నిజం కాదు. నాలుగు వైపులా ఫొటోలు, రెండు నంబరు ప్లేట్లు తీసి పక్కకు పెట్టండి. చీకట్లో రోడ్డు మధ్య కారు వదిలేస్తే రెండో ప్రమాదం అవుతుంది. కింద ఆయిల్ కారుతుంటే మాత్రం స్టార్ట్ చేయకుండా తోయించండి. ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయడానికి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు నిజమే, కానీ ఆ ఆశతో మీరు ఇంట్లో కూర్చోవద్దు.

ఇది చదివేవాళ్లలో ఇప్పటికే పడిపోయాడని రాయించినవాళ్లు ఉంటారు. టెన్షన్ పడకండి. కేస్ షీట్ దిద్దమని మాత్రం ఎవరినీ బతిమాలొద్దు, దిద్దిన కాగితం మరింత చేటు. స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. భయపడి అలా చెప్పామని కూడా అందులోనే రాయండి. తర్వాత ఆ రాత్రికి సంబంధించిన వేరే ఆధారాలు వెతకండి: ఫాస్టాగ్ ఎంట్రీ, కారు తీసుకెళ్లిన క్రేన్ బిల్లు, షెడ్డులో తీసిన ఫొటోలు. కెమెరా రికార్డులు ఎక్కువ రోజులు ఉంచరు, ముందు వాటి కోసం పరుగెత్తండి.

పోయిన నెల వచ్చిన ఆ ఫైలులో మాకు 108 వాళ్ల రికార్డు దొరికింది. పేషెంటును ఎక్కించుకున్న చోటు దగ్గర ఇల్లు అని లేదు, హైవే పక్క పెట్రోల్ బంకు అని ఉంది. ఆ కాగితం జత చేసి పిటిషన్ వేశాం.