ఆచారం ఎవరిది, నొప్పి ఎవరిది?

ప్రియమైన పిల్లలకు,

మానవ హక్కులు లోకమంతటికీ ఒకటేనా, లేక ఏ సమాజానికి ఆ సమాజం నిర్ణయించుకోవలసినవా అని అడిగారు. అందరికీ ఒకటేనని నేను గట్టిగా నమ్ముతాను. అలాగని అవతలి వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి. దాని వెనక చాలా గాయాలున్నాయి.

ఐక్యరాజ్యసమితి హక్కుల ప్రకటన తయారవుతున్న 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం ఒక హెచ్చరిక చేసింది. పశ్చిమ ఐరోపా, అమెరికా విలువలనే మనుషులందరి విలువలుగా చెలామణి చేయవద్దన్నది దాని సారాంశం. నాగరికత నేర్పుతామంటూ వచ్చినవారే దేశాలను ఆక్రమించిన కాలమది. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ప్రకటనకు ఓటేసిన 48 దేశాల్లో బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం ఉన్నాయి. ఆ మూడింటి కిందా అప్పటికి వలస రాజ్యాలున్నాయి. ఆఫ్రికా ప్రజల్లో అత్యధికులకు ఆ సభలో చోటే లేదు. ఇది కాదనలేని అన్యాయం.

అయినా ఆ ప్రకటన ఒక్క ఖండం సొత్తు కాదు. ముసాయిదా మీద ముఖ్యంగా పనిచేసినవారిలో చైనా ప్రతినిధి పెంగ్ చున్ చాంగ్, లెబనాన్ ప్రతినిధి చార్లెస్ మాలిక్ ఉన్నారు. మొదటి అధికరణంలో దేవుడి ప్రస్తావన ఉండాలని బ్రెజిల్ కోరినప్పుడు చాంగ్ అంగీకరించలేదు. వేర్వేరు నమ్మకాలవారు చదివినా తమదే అనుకునేలా ఉండాలన్నది ఆయన పట్టుదల. హక్కులు ఎక్కడినుంచి వచ్చాయన్న తగవు తెగకుండానే, ఏవి ఉండాలో ఒప్పుకోవచ్చని చూపించాడాయన.

ఓటింగుకు దూరంగా ఉన్నవి 8 దేశాలు. వాటిలో దక్షిణాఫ్రికా ఒకటి. ఆ ఏడాదే అధికారంలోకి వచ్చిన పార్టీ వర్ణవివక్షను చట్టంగా మార్చింది. ఏ జాతికి ఆ జాతి తన సంస్కృతి ప్రకారం విడిగా ఎదగాలంటూ దాన్ని సమర్థించుకుంది. ఆ మాట నల్లవారిని అడిగి చెప్పినది కాదు. అందుకే 'మా సంస్కృతి ఇంతే' అని ఎవరైనా అన్నప్పుడు నేను మొదట చూసేది, ఆ మాట అంటున్నది నొప్పి పడేవారా, పెట్టేవారా అని.

సెనెగల్ సంగతి చూడండి. అక్కడ కొన్ని తెగల్లో ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం తరతరాలుగా ఉంది. తల్లులు ద్వేషంతో చేయించేవారు కాదు. కోయకపోతే పిల్లకు పెళ్లి కాదని భయం. మలికుండా బంబారా అనే ఊరి మహిళలు ఆరోగ్యం, హక్కుల గురించిన తరగతుల్లో కూర్చుని, ఎవరూ నోరెత్తని విషయాన్ని తమలో తాము మాట్లాడుకున్నారు. 1997లో దాన్ని మానేస్తున్నామని బహిరంగంగా ప్రకటించారు. విమర్శలు వచ్చాయి. అప్పుడు డెంబా జావారా అనే ఇమాం ఒక చిక్కు విప్పారు. పెళ్లి సంబంధాలు ఊళ్ల మధ్య జరుగుతాయి కాబట్టి ఒక్క ఊరు మానితే ఆ ఊరి పిల్లలే నష్టపోతారు, ఇచ్చిపుచ్చుకునే ఊళ్లన్నీ కలిసి మానాలి. ఆయన ఊరూరా నడిచి తిరిగి చెప్పారు. 1998లో 13 ఊళ్లు కలిసి ప్రకటించాయి. మరుసటి ఏడు దేశం చట్టం చేసింది.

నాకు ఈ ఉదంతం ఎంతో ఇష్టం. పిల్ల శరీరానికి హాని జరగకూడదన్న హక్కు అన్నిచోట్లా ఒకటే. దాన్ని నిలబెట్టే దారి మాత్రం ఆ ఊళ్ల పెళ్లి సంబంధాలు తెలిసినవారికే దొరికింది. బయటివాళ్లు ఈసడించుకుని ఉంటే ఆ తల్లులు తలుపులు మూసుకునేవారేమో. హక్కును ప్రతిఘటించినవారిలాగే, హక్కును అడిగినవారూ ఆ సంస్కృతిలోని మనుషులే. ఒకప్పుడు హెచ్చరించిన మానవశాస్త్రవేత్తల సంఘం కూడా 1999లో హక్కులకు అండగా ప్రకటన చేసింది.

అన్ని హక్కుల మీదా ఇంత గట్టిగా మాట్లాడలేను. చిత్రహింస విషయంలో ఏ దేశానికీ మినహాయింపు ఒప్పుకోను. జీతంతో కూడిన సెలవు గురించి చెప్పే 24వ అధికరణాన్ని మాత్రం పేద దేశమూ సంపన్న దేశమూ ఒకే వేగంతో అమలు చేయాలనను.

ప్రకటనలో ఉన్నవి 30 అధికరణాలే, ఒక్క సాయంత్రం చాలు. సమాజం పట్ల బాధ్యతల గురించి చెప్పే 29వ దాన్ని వదిలేయకండి. మీకు ఒప్పుకోబుద్ధి కానిది ఏదైనా కనిపిస్తే, ఎందుకో నాకు వివరంగా రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య