నల్ల బెల్టుకు కింది మెట్లు

కరాటే క్లాసులో పిల్లాడు తొమ్మిదో క్యూ నుంచి ఎనిమిదో క్యూకి మారితే పైకెళ్లినట్టా, కిందికి దిగినట్టా? పైకే. రేషన్ షాపు ముందు నిలబడే క్యూతో దీనికి సంబంధం లేదు. జపనీస్‌లో ‘క్యూ’ అంటే తరగతి. రైల్లో సెకండ్ క్లాసు కన్నా ఫస్ట్ క్లాసు మేలైనట్టే ఇక్కడా అంకె తగ్గేకొద్దీ స్థాయి పెరుగుతుంది. ఒకటో క్యూ దాటితే ‘దాన్’, అంటే మెట్టు. అక్కడినుంచి లెక్క మామూలుగా ఒకటి, రెండు అని పైకి నడుస్తుంది. జపనీస్ భాషా పరీక్షకు చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. ఎన్5తో మొదలుపెట్టి ఎన్1కి చేరతారు. 2009 దాకా ఆ పరీక్షలో నాలుగో క్యూ నుంచి ఒకటో క్యూ వరకు నాలుగే స్థాయిలు ఉండేవి.

ఈ నిచ్చెనను పైనుంచి కిందికి కట్టుకొచ్చారు. దాన్ మెట్లు ముందు వచ్చాయి, క్యూలు తర్వాత చేరాయి, రంగు బెల్టులు అన్నిటికన్నా చివర.

దాన్ పుట్టింది కుస్తీ గోదాలో కాదు, నలుపు తెలుపు రాళ్లతో ఆడే గో ఆట పలక దగ్గర. 1677లో ‘మేజిన్’ అనే అత్యున్నత బిరుదు పొందిన హోనిన్బో దోసకు ఆటగాళ్లను తొమ్మిది దాన్‌లుగా వర్గీకరించాడని చెబుతారు. అప్పట్లో తొమ్మిదో దాన్ అంటే మేజినే, ఒక కాలంలో ఒక్కడే. దాన్‌లు అలంకారం కోసం పెట్టినవి కావు. ఇద్దరి బలంలో తేడా ఎంతో తెలిస్తేనే బలహీనుడికి ఎంత వెసులుబాటు ఇవ్వాలో తేలుతుంది. నేటి ఔత్సాహికుల ఆటలోనూ ఒక స్థాయి తేడాకు ఒక రాయి చొప్పున ముందే పలక మీద పెట్టిస్తారు. గోలో క్యూలు ముప్పై దాకా ఉన్నాయి. ఒకటో అంకె పైన స్థిరంగా ఉంటుంది కాబట్టి కింద ఎన్ని తరగతులు చేర్చినా పైవాళ్ల హోదా కదలదు.

యుద్ధవిద్యల్లో అప్పటికి వేరే పద్ధతి నడిచేది. గురువు కిరిగామి, మొకురోకు, మెన్క్యో అని కొన్ని పత్రాలు మాత్రమే ఇచ్చేవాడు. ఒకదానికీ మరోదానికీ మధ్య ఏళ్లు గడిచేవి. కొత్తవాడికి తాను ఎంత ఎదిగాడో చూపించే గుర్తేమీ ఉండేది కాదు. 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో జూడో శిక్షణ మొదలుపెట్టిన కానో జిగోరో ఈ లోటు పూడ్చడానికి దాన్ పద్ధతిని తెచ్చుకున్నాడు. 1883లో సైగో షిరో, తోమిత త్సునెజిరోలకు తొలి షోదాన్ ఇచ్చాడు. దాన్ వచ్చినవాళ్లు కట్టే నల్ల బెల్టు ఆ దశాబ్దం చివరికల్లా వాడుకలోకి వచ్చింది. ఉతక్కుండా వాడగా వాడగా తెల్ల బెల్టే నల్లబడిందన్న కథ వినడానికి బావుంటుంది, అంతే. ‘షో’ అంటే మొదలు. షోదాన్ అంటే తొలి మెట్టు, మరి మనవాళ్లేమో నల్ల బెల్టు రాగానే విద్య పూర్తయిందనుకుంటారు.

కరాటే పుట్టిన ఒకినావా దీవుల్లో మొదట ఈ మెట్లేవీ ఉండేవి కావు. కరాటేను జపాన్ ప్రధాన ద్వీపానికి తెచ్చిన ఫునాకోషి గిచిన్ 1924 ఏప్రిల్‌లో కానో పద్ధతినే అనుసరించి తన శిష్యులకు తొలి దాన్‌లు ఇచ్చాడు. రంగులకు ఊపు వచ్చింది యూరప్‌లో. 1935లో పారిస్ చేరిన కవైషి మికినోసుకె పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులను ప్రచారంలోకి తెచ్చాడు. దూరదేశపు విద్యార్థి ఏళ్ల తరబడి తెల్ల బెల్టుతో ఓపిక పట్టడు, ఆరునెలలకో గుర్తు కనిపిస్తే ఆగుతాడు. ఫీజులకూ అది అనుకూలమే.

చిక్కు కూడా ఇక్కడే. రంగుకు ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక కరాటే సంస్థలో పదో క్యూతో మొదలైతే ఐకిడో అనే మరో యుద్ధవిద్య నేర్పే అనేక డోజోల్లో (శిక్షణశాలల్లో) ఐదో క్యూతో మొదలవుతుంది. కరాటేలోని షోటోకాన్ శాఖ బళ్లు చాలావాటిలో మూడు, రెండు, ఒకటో క్యూలు మూడింటికీ గోధుమ రంగే. క్యూ సాధారణంగా స్థానిక డోజో ఇచ్చేది, దాన్ కేంద్ర సంస్థ రికార్డులోకి ఎక్కేది. అందుకే ఊరు మారి వేరే సంస్థలో చేరినవాణ్ని తెల్ల బెల్టుతో మళ్లీ మొదలుపెట్టమంటే అన్యాయమనిపిస్తుంది గానీ, అతని పాత క్యూను ఆ సంస్థ తూచే వీలు లేదు. సర్టిఫికెట్ మీద బెల్టు రంగు కన్నా ముందు చూడాల్సింది జారీ చేసిన సంస్థ పేరు, నమోదు సంఖ్య.

వెదురు కత్తితో సాధన చేసే కెందోలో బెల్టులే లేవు. అఖిల జపాన్ కెందో సమాఖ్య నియమాల ప్రకారం ఒకటో క్యూ ఉండి 13 ఏళ్లు నిండినవాళ్లు షోదాన్‌కు కూర్చోవచ్చు. రెండో దాన్‌కు ఒక ఏడాది ఆగాలి, మూడో దాన్‌కు మరో రెండేళ్లు. షోదాన్ పరీక్షలో చూసేది సరైన వస్త్రధారణ, మర్యాద, నిలబడే తీరు, పద్ధతి ప్రకారం కొట్టిన దెబ్బ, గొంతులో పట్టు. గెలుపు లెక్కలోకి రాదు. పోటీలో పాయింట్లు తెచ్చుకునే కుర్రాడు ఇక్కడ వంగిన నడుము వల్లే తప్పవచ్చు.

అంకె ఒకటే అయినా బరువు ఒకటి కాదు. జపనీస్ చదరంగమైన షోగి ఆటలో వృత్తి శిక్షణ సంస్థ షోరేకైలో అట్టడుగున ఉండే ఆరో క్యూ కుర్రాడు ఔత్సాహికుల్లో మూడు నాలుగు దాన్‌ల స్థాయివాడు. అక్కడ నాలుగో దాన్‌తోనే వృత్తి జీవితం మొదలు. మామూలుగా 26 ఏళ్లలోపు అది అందకపోతే సంస్థ వదలాలి.

టీని పద్ధతి ప్రకారం చేసి అతిథికి అందించే జపనీస్ తేనీటి విద్యలో సంగతి మరీ వేరు. ఉరాసెంకె శాఖ ఇచ్చే ‘క్యోజో’ పత్రం నేర్చుకున్నదానికి గుర్తు కాదు, ఆ దశ నేర్చుకోవడానికి అనుమతి. అది చేతికొచ్చాకే పాఠం మొదలవుతుంది.