రిపోర్ట్‌లో మ్యుటేషన్ ఉంటే పిల్లలకి వచ్చేస్తుందా? బ్లాడర్, యురేటర్ క్యాన్సర్లపై అపోహలు - వాస్తవాలు

నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని, వంశంలో నడిచే జబ్బుల గురించి కుటుంబాలకి వివరిస్తా. బ్లాడర్ (మూత్రాశయం)లోనో, కిడ్నీ నుంచి బ్లాడర్‌కి మూత్రం తెచ్చే గొట్టం యురేటర్‌లోనో ట్యూమర్ తీశాక, ఆ గడ్డ ముక్కని మైనంలో దాచిన బయాప్సీ బ్లాక్‌ని ఎన్‌జీఎస్ అనే జీన్ల పరీక్షకి పంపిస్తారు, రిపోర్ట్‌లో "ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మ్యుటేషన్ డిటెక్టెడ్" అని వస్తుంది, ఇంట్లో ఎవరో ఫోన్‌లో వెతికి జీన్ మ్యుటేషన్ అంటే వంశపారంపర్యం అని చెప్పేస్తారు, ఇక ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఇది నేను మళ్లీ మళ్లీ చూస్తున్నా, అందుకే రాస్తున్నా.

నల్గొండ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. బ్లాడర్ ట్యూమర్, ఆపరేషన్ బాగానే అయింది. ఆయన బాధ తన గురించి కాదు. కూతురికి సంబంధం ఖాయమైంది. "మేడం, ఈ కాయితం బయటపడితే పిల్ల పెళ్లి ఆగిపోతది, చింపేయమంటరా?" అని అడిగారు, ఆ అమ్మాయి పక్కనే తల వంచుకుని కూర్చుంది. రిపోర్ట్‌లో ఉన్నది ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 ఎస్249సీ, అంటే ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జీన్‌లో ఒక చోట వచ్చిన మార్పు. బ్లాడర్ క్యాన్సర్‌లో మేం చాలా తరచుగా చూసే మార్పు అది. ఇదే మార్పు పుట్టుకతో ఒళ్లంతా ఉంటే ఏమవుతుందో తెలుసా? థానటోఫోరిక్ డిస్‌ప్లేజియా అనే తీవ్రమైన ఎముకల జబ్బు వస్తుంది, ఆ బిడ్డలు దాదాపుగా పుట్టిన కొద్ది గంటల్లోనో రోజుల్లోనో చనిపోతారు. అరవై ఏళ్లు బతికి, పొలం చేసి, పిల్లల్ని పెంచిన మనిషికి ఇది పుట్టుకతో ఒళ్లంతా ఉండే అవకాశమే లేదు. ఆయన బ్లాడర్ లోపలి పొరలో ఒక కణంలో ఎప్పుడో వచ్చింది, ఆ కణం నుంచి పుట్టిన ట్యూమర్‌లోనే ఉంది. కూతురికి వెళ్లే దారే లేదు. ఈ మాట చెప్పాక ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తి చూసింది.

కాబట్టి ఒకటికి పదిసార్లు చెప్తా: ట్యూమర్ బ్లాక్ మీద చేసిన టెస్ట్ వేరు, రక్తం మీద చేసే జర్మ్‌లైన్ టెస్ట్ వేరు. మొదటిది ఆ గడ్డ ఏ తప్పుల మీద బతుకుతోందో చెప్తుంది, రెండోది మనిషి అమ్మానాన్నల నుంచి ఏం తెచ్చుకున్నాడో చెప్తుంది. టెర్ట్ ప్రమోటర్, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3, టీపీ53 లాంటి జీన్ల మార్పులు బ్లాడర్ రిపోర్ట్‌లో కనిపిస్తే దాదాపు ఎప్పుడూ గడ్డకే పరిమితం. బ్లాడర్ క్యాన్సర్‌కి పెద్ద కారణం సిగరెట్, బీడీ, కొందరికి రంగుల ఫ్యాక్టరీల్లో రసాయనాలు, అంతే తప్ప వంశం కాదు.

ఈ భయం వల్ల అసలు నష్టం ఇంకోటి ఉంది. "టెస్ట్ చేయిస్తే ఏం బయటపడుతుందో" అని టెస్టే వద్దంటారు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మార్పు ఉన్న ముదిరిన క్యాన్సర్‌కి ఎర్డాఫిటినిబ్ అనే మాత్ర ఉంది, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, టెస్ట్ లేకపోతే ఆ మందు ఎవరికి పనికొస్తుందో తెలియదు. దానికంటే పెద్ద నష్టం, నిజంగా వంశంలో నడిచే క్యాన్సర్ ఉన్న కుటుంబాలు కూడా ఈ భయంలోనే మా దాకా రాకుండా పోతాయి.

అవును, అలాంటిది ఉంది. మూత్రం నడిచే దారంతా, కిడ్నీ పెల్విస్ (కిడ్నీలో మూత్రం చేరే గిన్నె లాంటి భాగం) నుంచి యురేటర్ మీదుగా బ్లాడర్ దాకా, లోపల ఒకే రకం యూరోథీలియం పొర. మైక్రోస్కోప్‌లో గడ్డలు కూడా ఒకేలా కనిపిస్తాయి, అందుకే "పైన వచ్చినా కింద వచ్చినా అదే క్యాన్సర్" అనుకుంటారు. జీన్లలో చూస్తే ఒకటి కాదు. పైభాగంలో, అంటే కిడ్నీ పెల్విస్, యురేటర్‌లలో వచ్చేవి మొత్తం యూరోథీలియల్ క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతమే. వాటిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3, హెచ్‌రాస్ మార్పులు ఎక్కువ, టీపీ53, ఆర్‌బీ1 తక్కువ. కండరంలోకి దిగిన బ్లాడర్ క్యాన్సర్‌లో దీనికి తలకిందులు, 2017లో వచ్చిన టీసీజీఏ అనే క్యాన్సర్ జీన్ల అధ్యయనంలో 412 ట్యూమర్లు చూస్తే సుమారు సగంలో టీపీ53 మార్పు ఉంది, ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మాత్రం 14 శాతం దగ్గరే. మా దృష్టిలో ఇంకా ముఖ్యమైన తేడా లించ్ సిండ్రోమ్, అంటే డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే జీన్లలో ఒకదాని లోపం వంశంలో నడిచి క్యాన్సర్ల ముప్పు పెంచే పరిస్థితి. పెద్దపేగు, గర్భసంచి తర్వాత లించ్ కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లలో ఈ పైభాగం క్యాన్సర్ ఒకటి, ముఖ్యంగా ఎంఎస్‌హెచ్2 జీన్‌లో లోపం ఉన్నవాళ్లకి.

గుంటూరు జిల్లా నుంచి ఒకాయన వచ్చారు, యాభై దాటి కొంచెమే, యురేటర్‌లో ట్యూమర్. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అంటే లేదన్నారు. సరే, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా చిన్న వయసులో గర్భసంచి తీశారా అని అడిగా. "మా అక్కకి తీశారండి, గడ్డ అన్నారు, తర్వాత రెండేళ్లకే పోయింది." నాన్నగారు? "పేగులో పుండు అని ఆపరేషన్ చేశారు, నలభై ఎనిమిదికే పోయారు." ఆ ఇంట్లో ఎవరూ దీన్ని క్యాన్సర్ అనలేదు, ముగ్గురిని కలిపి చూసినవాళ్లూ లేరు. బ్లాక్ మీద ఐహెచ్‌సీ (గడ్డలో ప్రోటీన్లు ఉన్నాయో లేవో చూసే పరీక్ష) చేయిస్తే, డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే నాలుగు ఎంఎంఆర్ ప్రోటీన్లలో ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 రెండూ లేవు, రక్తం టెస్ట్‌లో ఎంఎస్‌హెచ్2 లోపం తేలింది. ఆయన తమ్ముడికి, ఇద్దరు పిల్లలకి కౌన్సెలింగ్ ఇచ్చాం. ఒక్కొక్కరికి అది వచ్చే అవకాశం సగం, రాకుండా ఉండే అవకాశం కూడా సగం. వచ్చినవాళ్లు 20-25 ఏళ్ల నుంచి ఏడాదికో రెండేళ్లకో కొలొనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూడడం) చేయించుకుంటే పాలిప్ (చిన్న బుడిపె) దశలోనే పట్టుకోవచ్చు. రానివాళ్లకి ఆ బాధే లేదు, వాళ్ల పిల్లలకీ ఉండదు. అందుకే పైభాగంలో క్యాన్సర్ 60 లోపు వస్తే, లేదా ఇంట్లో పేగు, గర్భసంచి క్యాన్సర్లు ఉంటే, ఎంఎంఆర్ ఐహెచ్‌సీ చేశారా అని మీ డాక్టర్‌ని అడగండి, అడగడానికి మొహమాటపడకండి. చికిత్సకీ పనికొస్తుంది, ఎంఎస్ఐ హై ఉన్న (ఎంఎంఆర్ పనిచేయక డీఎన్ఏలో తప్పులు పేరుకుపోయిన) ముదిరిన ట్యూమర్లకి పెంబ్రోలిజుమాబ్ అనే మందుని ఏ అవయవం అన్న తేడా లేకుండా 2017లోనే అమెరికా ఒప్పుకుంది.

"మేనరికం వల్లే వచ్చింది" అని తల్లులు ఏడుస్తారు. కాదమ్మా. లించ్‌కి ఒక వైపు నుంచి ఒక్క లోపం వస్తే చాలు, మేనరికం చేసుకున్నా చేసుకోకపోయినా వచ్చేదే. ఒక్క సందర్భంలో మాత్రం జాగ్రత్త: లించ్ ఉందని తేలిన కుటుంబంలో మేనరికం చేసుకోవాలనుకుంటే పెళ్లికి ముందు ఇద్దరూ టెస్ట్ చేయించుకోవాలి, ఇద్దరిలోనూ ఉంటే బిడ్డకి రెండు వైపులా లోపం వచ్చి చిన్నతనంలోనే క్యాన్సర్లు వచ్చే ప్రమాదం ఉంది.

మిగతావి తొందరగా చెప్పేస్తా. కిడ్నీ పెల్విస్‌లో వచ్చినదాన్ని అందరూ కిడ్నీ క్యాన్సర్ అనేస్తారు, కానీ కిడ్నీ కండలో వచ్చే క్లియర్ సెల్ క్యాన్సర్ వీహెచ్ఎల్ అనే వేరే జీన్ కథ, మందులు వేరు, ఆపరేషన్ కూడా వేరు, పెల్విస్‌లో వచ్చినదానికి మామూలుగా కిడ్నీతో పాటు యురేటర్ మొత్తం తీయాలి. కిడ్నీ, యురేటర్ తీశాక బ్లాడర్‌లో గడ్డ వస్తే కొత్త జబ్బు అనుకుంటారు, జీన్లు పోల్చి చూస్తే చాలావరకు పైనుంచి జారిన అదే గడ్డ సంతానం, అందుకే సిస్టోస్కోపీ (బ్లాడర్ లోపల కెమెరాతో చూడడం) చెకప్‌లు మానకూడదు. ఇక ఆకు మందుకి ఏ హానీ లేదన్న మాట అసలు నమ్మొద్దు: ఈశ్వరి వేరు, గాడిదగడప జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆసిడ్ ఉంటుంది, కిడ్నీని పాడుచేస్తుంది, డీఎన్ఏలో ఏ (A) అక్షరాన్ని టీ (T) గా మార్చే దాని గుర్తు పైభాగం క్యాన్సర్లలో స్పష్టంగా దొరుకుతుంది. తైవాన్‌లో ఇలాంటి మందులు వాడి ఎంతోమంది ఈ క్యాన్సర్ తెచ్చుకున్నారు, అక్కడ 2003లో నిషేధించారు. ఇది పిల్లలకి వెళ్లదు, కానీ అదే మందు ఇంట్లో అందరూ తాగుతుంటే అందరికీ ప్రమాదమే.

చివరగా ఒక పని. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని ముందు టెస్ట్‌కి తీసుకురాకండి. జబ్బు ఉన్న మనిషిది ముందు చేయాలి. ఆయనలో లోపం ఏదో తెలియకుండా పిల్లలకి నెగటివ్ వస్తే అది నిజంగా నెగటివో, మనం వెతకని చోట ఉందో చెప్పలేం. పెద్దాయన బాగా నీరసంగా ఉన్నా సరే, ఒక్క ట్యూబ్ రక్తం తీయించి పెట్టండి, బ్లాక్స్, స్లైడ్స్ హాస్పిటల్ నుంచి అడిగి తీసుకోండి. వచ్చేటప్పుడు మేనత్తలు, పెదనాన్నలు ఏ వయసులో ఏ ఆపరేషన్ చేయించుకున్నారో ఒక కాయితం మీద రాసుకురండి, పేరు తెలియకపోయినా ఫర్వాలేదు.