ఒక్క బోరులో బంగారం పడితే గని దొరికినట్టేనా?

బంగారం కోసం బోర్లు వేయించే పని నాది. సంక్రాంతికి గరివిడి వెళ్తే మా పెదనాన్న ప్రతిసారీ అడిగేది ఇదే: "ఏటి బాబూ, అన్ని కన్నాలు పెడతన్నారు గదా, బంగారం ఎక్కడుందో తెలిసిపోదేటి?" ఆయన మాంగనీసు గనుల్లో పనిచేసిన మనిషి. ఆ నల్లరాయి కంటికి కనిపిస్తుంది, చేత్తో ఎత్తితే బరువే చెబుతుంది. బంగారం అలా దొరకదు. టన్ను రాతిలో 5 గ్రాములుంటే మంచి గ్రేడే.

అపోహ: తళతళలాడితే బంగారమే.

మన ఖొండలైటు అనే రాతి కొండల్లో మెరిసేది చాలావరకు అభ్రకం, గ్రాఫైటు. సూదితో గుచ్చండి. అభ్రకం పొరలుగా ఊడుతుంది, బంగారంలా మెరిసే ఇనుము-గంధకం ఖనిజం పైరైటు పొడి అవుతుంది, బంగారం మాత్రం నొక్కుకుపోతుంది.

అపోహ: ల్యాబు రిపోర్టులో ఒక్క పెద్ద అంకె వస్తే చాలు.

నన్ను ఎక్కువ బాధపెట్టే అపోహ ఇది. బోరులోంచి కడ్డీలా వచ్చే రాయి, అంటే కోర్, చాలాచోట్ల 47.6 మిల్లీమీటర్ల మందమే. దాన్ని నిలువునా కోసి ఒక సగం పెట్టెలో దాచి, రెండో సగం ల్యాబుకి పంపుతాం. పొడి కొట్టాక కొలిమిలో కరిగించి చూసేది 30 లేదా 50 గ్రాములు. అందులో ఒక్క ముతక రేణువు పడితే అంకె ఎగిరిపోతుంది, పడకపోతే అదే రాయి ఖాళీ అంటారు. ఐదు శాంపిళ్లలో టన్నుకి 0.4, 0.7, 1.1, 0.5, 38 గ్రాములు వచ్చాయనుకోండి. సగటు 8.14. ఆ 38 తీసేస్తే 0.68 కూడా దాటదు! అందుకే మిగతా శాంపిళ్ల తీరు చూసి పైహద్దు పెడతాం. 38ని 10గా లెక్కిస్తే సగటు 2.54 అవుతుంది. దక్షిణాఫ్రికా గనుల ఇంజినీరు డేనీ క్రిగే అక్కడి గనుల లెక్కలతో 1951లో చూపింది కూడా ఇలాంటిదే: శాంపిళ్లను బట్టి చాలా గొప్పదనుకున్న భాగం తవ్వితే తగ్గుతుంది, పేదదనుకున్నది కాస్త పెరుగుతుంది.

అపోహ: బోరులో 12 మీటర్ల మేర బంగారం పడిందంటే, బంగారమున్న రాతి పట్టీ మందం 12 మీటర్లు.

ముల్లంగిని ఏటవాలుగా తరిగితే ముక్క పొడుగొస్తుంది. కోర్‌కీ పట్టీకీ మధ్య కోణం 30 డిగ్రీలైతే అసలు మందం 6 మీటర్లే.

అపోహ: మేలి గ్రేడు ఎక్కడుందో కంప్యూటరే చెబుతుంది.

రెండు బోర్ల మధ్య అది గీత కలిపేస్తుంది. రాయి అక్కడ విరిగిందో, మడతపడిందో దానికి మనమే చెప్పాలి. గంధకంతో కూడి వేడినీళ్లలో ప్రయాణించే బంగారం, ఇనుమున్న రాయి తగిలితే దిగిపోతుంది. ఆ గంధకాన్ని ఇనుము లాక్కుని పైరైటు అవుతుంది. పలుగురాతి పట్టీ వంపు తిరిగేచోట, రెండు పగుళ్లు కలిసేచోట ఎక్కువ పోగవుతుంది. కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్ పట్టీలోనూ మేలి భాగాల మధ్య పేద రాయి ఉంది.

కర్ణాటకలో ఒకచోట నేను పట్టీ వెంట నేరుగా మూడు బోర్లు వేయించాను. మూడూ ఖాళీ. పాత కోర్ పెట్టెలు దించి, రాతి మీది గీతల కోణాలు మళ్లీ కొలిస్తే మేలి భాగం ఉత్తరానికి వాలుతోందని తేలింది. నాలుగో బోరు అటు జరిపాం. పలుగురాయీ పైరైటూ కలిసి పడ్డాయి. ల్యాబు అంకెలొచ్చేదాకా ఎవరికీ బంగారమని చెప్పలేదు.